జపానాయన కారులో పాటలు

కారుతో పాటే ఆ పాటలు కూడా మా ఇంటికి వచ్చాయి. మేము కోరి తెచ్చుకున్నవి కావు.

నా కొడుకు సౌదీలోని దమ్మామ్‌లో చమురు బావులకు సామాను పంపే కంపెనీలో ఇంజనీరు. వాడి ఆఫీసులోనే పనిచేసిన ఒక జపానాయన ఉద్యోగం ముగించుకొని శాశ్వతంగా తన దేశానికి వెళ్లిపోతూ కారు అమ్మకానికి పెట్టాడు. ఇక్కడ మా ఇంట్లో వస్తువులన్నీ అలా వెళ్లిపోయినవాళ్లవే. మంచం, గిన్నెలు ఒక ఫిలిప్పీన్స్ నర్సువి. ఫ్రిజ్ ఒక కేరళ మాస్టారిది. ఇస్త్రీ పెట్టె ఎవరిదో నాకు గుర్తు లేదు. మనుషులు వెళ్తారు, వస్తువులు ఉంటాయి. గట్టిగా ఉన్న వస్తువు ఒకరు వాడినంత మాత్రాన చెడిపోదు. కొత్తది కొనడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

కారు చూడటానికి నేనూ, కోడలూ, మనవరాలూ అందరం వెళ్లాం. జపానాయనకు అరవై దగ్గర పడి ఉంటాయి. సన్నటి మనిషి, చొక్కా ఎక్కడా నలగలేదు. కారు తెల్లగా, లోపల ఒక్క బియ్యపు గింజ పడినా కనిపించేంత శుభ్రంగా ఉంది. తాళం తిప్పగానే పాట మొదలైంది. ఆయన ముఖం ఎర్రబడింది. పాటల ప్లేటు, అదే సీడీ, లోపల ఇరుక్కుపోయిందట. బయటికి రాదు. ఆపే మీట పని చేయదు. చప్పుడు తగ్గించవచ్చు గానీ పూర్తిగా ఆగదు. కారు స్టార్టు చేసిన ప్రతిసారీ మళ్లీ మొదటి పాట నుంచి మొదలవుతుంది. ఇవన్నీ చెబుతూ ఆయన నడుము దాకా వంగి వంగి క్షమించమన్నాడు. కొంచెం సమయం ఇస్తే తీయించి ఇస్తానన్నాడు.

"తీయించే పని లేదని చెప్పురా. ఆ ఖర్చేదో రేటులో తగ్గించమను," అన్నాను.

"మా, పాటలు ఆగవంట. దినామూ యినాల," అన్నాడు కొడుకు.

"యింటే చెవులు అరిగిపోతాయా? కారు నడుస్తాదా లేదా, అది చూడు."

కోడలు మొహం పక్కకు తిప్పుకొని నవ్వింది. జపానాయనకు ఏం అర్థమైందో గానీ, తగ్గించాడు. తాళాలు నా కొడుకు చేతిలో పెట్టాక, మాకు కాదు, కారుకు ఎదురుగా నిలబడి ఒకసారి వంగాడు. అది చూసి కోడలు నవ్వు ఆపేసింది. ఆయుధ పూజ నాడు మనమూ బండికి దండం పెడతాం, ఇందులో వింతేముంది అనుకున్నాను నేను.

నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగు తడుముకోకుండా చదువుతాను, రాస్తాను. జపాను మాట మాకెవరికీ ఒక్కటీ రాదు. అయినా కొన్నాళ్లకు ఆ ప్లేటులో ఏ పాట తరువాత ఏది వస్తుందో నలుగురికీ తెలిసిపోయింది. దూరాన్ని కూడా పాటలతోనే కొలిచేవాళ్లం. సందు చివర చిల్లర అంగడికి పోయి రావాలంటే మొదటి పాట సగం కూడా కాదు. అది ఒక ఆడమనిషి పాడింది, వెనక బూరలు ఊదుతూ హుషారుగా ఉంటుంది. కూరగాయల మార్కెట్టుకైతే మూడో పాటలో దిగుతాం. అది మగమనిషిది, గొంతులో జలుబు చేసినట్టు ఉంటుంది. సముద్రం ఒడ్డుకు పోతే ఇంకొన్ని. ఇక చివరి నుంచి రెండో పాట వినాలంటే చాలా దూరం పోవాలి. మాకు అది బహ్రెయిన్ బ్రిడ్జి మీదనే వచ్చేది.

ఆ పాటలో బూరలు లేవు. ఒక ఆడగొంతు, కిందిస్థాయిలో, తొందర లేకుండా పాడుతుంది. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో గోడకు ఆనుకొని కూర్చొని ఎవరో తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. అది మొదలవగానే మనవరాలు తల్లి ఒళ్లో తల వాల్చేసేది. అందుకని దానికి నిద్ర పాట అని పేరు పెట్టుకున్నాం. కోడలు ఆ వరసకు తన మాటలు కట్టి పాడేది. ఒకసారి నాకు వినిపించేట్టుగానే,

"వంకాయ మాడిపోయె, అత్తకు చెప్పొద్దు," అని సాగదీసింది.

"మే, నువ్వు చెప్పకపోతే నాకు వాసన రాదా?" అన్నాను.

"వాసన వచ్చినా పారెయ్యవు కదత్తా. మాడింది తీసి పక్కన పెట్టి మిగతాది తినమంటావు."

"తినమనే అంటా. కాసిన కాయ పారేస్తే పాపం."

ముందు సీట్లో నా కొడుకు నవ్వలేదు గానీ స్టీరింగు మీద వేళ్లతో దరువు వేశాడు. వాడి సంతోషం అంతే. చిన్నప్పటి నుంచీ వాడు అంతే.

బ్రిడ్జి మీదికి ఎందుకు పోతామో చెప్పాలి. కోడలు, మనవరాలు మొదట ఇకామా మీదే వచ్చారు. అది ఇక్కడ నివాసం ఉండటానికి ఇచ్చే కార్డు. తరువాత ఇంట్లో ఉండే ఒక్కొక్కరికి ఫీజు పెట్టారు. అప్పుడు మావాళ్లలో చాలామంది ఒక పని చేశారు. భార్యాపిల్లలను పూర్తిగా ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపి, మళ్లీ విజిట్ వీసా మీద తెచ్చుకున్నారు. మేమూ అదే చేశాం. ముగ్గురం కూర్చొని మాట్లాడుకున్నాం. లెక్క నేను చెప్పాను, నిర్ణయం కొడుకు తీసుకున్నాడు, కోడలు సరే అంది. నేను మొదటి నుంచీ విజిట్ మీద వచ్చినదాన్నే కాబట్టి అప్పటి నుంచి ఇంట్లో ముగ్గురం విజిటర్లమయ్యాం.

విజిట్ వాళ్లు గడువు ముగిసేలోగా ఒకసారి దేశం దాటి తిరిగి రావాలి. దమ్మామ్‌లో ఉన్నవాళ్లకు బహ్రెయిన్ బ్రిడ్జి ఉంది. సెలవు రోజున ఇంటిల్లిపాదీ పులిహోర డబ్బా పెట్టుకొని బయలుదేరతారు. సముద్రం మీద బ్రిడ్జి, బ్రిడ్జి మధ్యలో ఒక దీవి, ఆ దీవిలో పాస్‌పోర్టు కిటికీలు. అటు ఒక ముద్ర, అవతలికి పోయి కారు తిప్పుకొని ఇటు ఒక ముద్ర. కొందరు అవతల టీ కూడా తాగరు. మేమూ తాగం. ఫ్లాస్కులో ఇంటి నుంచే తీసుకుపోతాం.

కోడలు లెక్కల్లో ఎమ్మెస్సీ చేసింది. పెళ్లికి ముందు మా కడపలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేది. ఇక్కడ విజిట్ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయకూడదు. ఒకసారి ముద్ర వేయించుకొని తిరిగి వస్తుంటే తనే అంది.

"ఇంట్లో ప్రతి గిన్నే నేను తోమిందే. నేను మాత్రం విజిటర్ని."

"ఆ గిన్నెలు గూడా నర్సమ్మవి," అన్నాను.

అందరం నవ్వాం. కోడలు కూడా నవ్వింది. ఆ రోజు నిద్ర పాటకు వంకాయ మాటలు కూడా పాడింది.

ఆ పాటలకు అర్థం తెలిసింది ఆ తరువాతి ప్రయాణంలో. చలికాలం కావడంతో ఏసీ ఆపి అద్దాలు దించాం. దీవి దగ్గర కార్లు బారులు తీరి ఆగిపోయాయి. నిద్ర పాట మొదలైంది. పక్క వరుసలో ఉన్న కారులో జపాను దంపతులు ఉన్నారు. పాట వినగానే ఆమె మా వైపు తిరిగి చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. చీరలో ఒక ముసలిది, పులిహోర వాసన, లోపల ఆ పాట. ఆమెకు ఎలా అనిపించిందో మరి. కిటికీలో నుంచి కోడలితో ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది. కార్లు కదలడం లేదు. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె మధ్యలో ఒకటి రెండు వాక్యాలు పాటతో కలిసి పాడింది కూడా.

వరస కదిలాక అడిగాను. "ఏమంటాది ఆమె?"

"ఇవన్నీ వాళ్లమ్మ వయసులో ఉన్నప్పటి పాటలంట అత్తా. ఆమె చిన్నప్పుడు వాళ్లమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తా యినేదంట."

"ఏ దేవుడి మీద?"

"దేవుడు లేడు, ఏం లేడు. అన్నీ ఇడిసిపెట్టి పోయినోళ్ల మీదంట. ప్లేటు నిండా అదే. మనం ఇన్నాళ్లూ ఏడుపులు పెట్టుకొని కూరగాయలకు పోయినాం."

నా కొడుకు అద్దంలో వెనక్కి చూశాడు. "మొదటి పాట హుషారుగా ఉంది కదా?"

"అది గూడా. ఆయనకు ఇంకోతితో పెండ్లి అవుతాంటే ఈమె డ్యాన్సు చేస్తాందంట."

"మరి ఈ నిద్ర పాట?" అన్నాను.

కోడలు మనవరాలి జుట్టు సర్దుతూ చెప్పింది. ఒకామె ఒకాయన ఇంట్లో నుంచి వెళ్లిపోయింది. వెళ్తూ గొడుగు వదిలిపెట్టింది. మరచిపోలేదు, కావాలనే వదిలిపెట్టింది. వాన వస్తే గొడుగు చూసి తెచ్చి ఇవ్వడానికైనా వస్తాడని. ఆ ఏడు వాన పడలేదు. పాట అంతే.

"గొడుగు పోయె," అన్నాను.

"గొడుగు పోయె అత్తా," అంది కోడలు. అంతటితో ఆ మాట ముగిసింది.

ఆ తరువాత ఆమె ఆ వరసకు మాటలు కట్టి పాడలేదు. నేను గమనించాను. అడగలేదు. మనిషి అన్నాక కొన్నాళ్లు పాడతాం, కొన్నాళ్లు పాడం.

ఎండలు మొదలయ్యే ముందు కోడలి పిన్నమ్మ కూతురి పెళ్లి వచ్చింది. మనవరాలిని తీసుకొని వెళ్తానంది. వీసాకు ఇంకా గడువు ఉంది, ఆ లోపల తిరిగి వచ్చేస్తే సరి. గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి అడగాలి. అడగాలంటే వచ్చే మనిషికి రావాలని ఉండాలి. దమ్మామ్ విమానాశ్రయం ఊరికి దూరమే గానీ బ్రిడ్జి అంత దూరం కాదు. నిద్ర పాట రాలేదు. మనవరాలు దారి పొడుగునా మేలుకొనే ఉంది, "ఇంకా రాలేదే, ఇంకా రాలేదే," అంటూ. లోపలికి పోయే తలుపు దగ్గర కోడలు నా కాళ్లకు దండం పెట్టింది. నా కొడుకు పెట్టె తోపుడు బండి మీద పెట్టి, బెల్టు సరిగా ఉందో లేదో లాగి చూశాడు.

ఇంటికి వచ్చాక చూశాను, తలుపు వెనక కొక్కేనికి కోడలి నల్ల అబాయా వేలాడుతోంది. ఇక్కడ బయటికి పోయేటప్పుడు బట్టల మీద వేసుకొనేది. ఇప్పుడు తప్పనిసరి కాదంటారు గానీ తను అలవాటుగా వేసుకొనేది. వేసుకోకుండానే వెళ్లింది. నాకు మంచిగానే అనిపించింది. గుడ్డ మంచిది, కుట్టు గట్టిది. వస్తువు వదిలి వెళ్లిన మనిషి తిరిగి వస్తుంది. దులిపి మళ్లీ కొక్కేనికే తగిలించాను.

వారాలు గడిచాయి. పెళ్లి అయిపోయింది. ఫోన్ చేస్తే మనవరాలు మాట్లాడేది, కోడలు పలకరించేది. ఎప్పుడు వస్తావంటే ఎండలు తగ్గనీ అనేది. ఒకరోజు ఎదురింటి నిజామాబాద్ అమ్మాయి పెరుగు తోడుకోసం వచ్చింది. చాలా ఏళ్ల నుంచి ఇక్కడే ఉంటున్న పిల్ల. తలుపు వెనక అబాయా చూసి ఆగింది.

"పెద్దమ్మా, ఇది అక్కదే గదా? ఇడిసిపెట్టి పోయిందా?"

"వస్తాది కదా. అందుకే పెట్టి పోయింది."

ఆ పిల్ల గిన్నె చేతులు మార్చుకుంది. "గట్ల గాదు పెద్దమ్మా. మల్ల వచ్చెటోళ్లు దీన్ని చేతి సంచిల అన్నిటి మీద పెట్టుకొని పోతరు. విమానం దిగంగనే ఏసుకునుడు అలవాటు గద. మేమందరం గట్లనే చేస్తం. ఆడ దీంతోని ఏం పని? ఇడిసిపెట్టి పోయేది..." అని ఆపేసింది. "ఏమో, మర్చిపోయిందేమో," అంది మళ్లీ.

"తోడు చాలా?" అన్నాను.

"చాలు పెద్దమ్మా."

ఆమె వెళ్లాక ఫోన్ చేశాను. మామూలుగా నేను చేయను, వాళ్లు చేస్తే మాట్లాడతాను.

"ఏమ్మే, వీసా అయిపోవస్తాంది."

"తెలుసత్తా."

"తెలిసీ కూసోనుంటివా?"

ఆటో ఒకటి పోయిన చప్పుడు వచ్చింది. "కాలేజీలో చేరినా అత్తా. లెక్కలు చెప్తాండా."

"మావోడు ఏమన్నా అన్నాడా?"

"అనింటే బాగుండు. ఆయన ఏమంటాడు? పెడితే తింటాడు. పెట్టకపోతే, ఏంటికి పెట్టలేదని గూడా అడగడు."

"తాగడు, తిట్టడు, కొట్టడు. ఇంకేం కావాలమ్మా?"

"అదే అత్తా, ఇంకేం కావాల్నో నాకు గూడా తెలీక ఇన్నేండ్లు ఉంటి. ఆడ నేను ఉండానని ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క బ్రిడ్జి మీద పోలీసాయనకు తప్ప. ఆయనొక్కడే ఫోటో చూసి, నా మొగం చూసి, మళ్లా ఫోటో చూసి, నేనేనా కాదా అని చూసేది."

"పాప తింటాందా?" అన్నాను. తింటాంది అంది. ఫోన్ పెట్టేసి చింతపండు పిసికాను. రసం కాగింది. పోపు వేశాను. నా భర్త పోయిన రోజు కూడా, అందరూ వెళ్లాక పాలు పొంగిపోకుండా చూసింది నేనే. నాకు ఏడుపు రాలేదని చెప్పడం లేదు. ఎక్కడో ఆగింది. తరువాత నేను వెతుక్కోలేదు.

కొడుకు వచ్చి అన్నం తింటుంటే చెప్పాను. "అమ్మాయి అబాయా ఇడిసిపెట్టి పోయిందిరా."

"చూసినా మా."

"ఎప్పుడు చూస్తివి?"

"ఎయిర్‌పోర్టుకు పోయేటప్పుడే."

"చూసి అడగలేదా?"

వాడు రసం కలుపుకొన్నాడు. "అడిగితే చెప్తాది కదా మా. చెప్పినాక నేనేం చేయాల?"

వాడి పళ్లెంలో ఇంకొంచెం అన్నం పెట్టాను. వద్దనలేదు.

కోడలి వీసాకు ఆఖరి రోజు శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాడు కారు బ్యాటరీ దిగిపోతుందని, కొంచెంసేపు స్టార్టు చేసి వస్తానని కిందికి పోయాడు. నేను వరండాలో బట్టలు ఆరవేశాను. అవి ఆరిపోయాయి. ఈ ఎండకు ఎంతసేపు. అవి తీసి మడతపెట్టాను. కింద కారు ఇంకా నడుస్తూనే ఉంది, కదలకుండా. పెట్రోలు దండగ. కిందికి దిగి పక్క సీటులో కూర్చున్నాను. జలుబు గొంతు ఆయన పాట ఎప్పుడో అయిపోయింది, ఇంకేదో నడుస్తోంది.

"ఆపు," అన్నాను.

"ఆపితే మళ్లా మొదటి నుంచి వస్తాది మా."

నిద్ర పాట కోసం కూర్చున్నాడు. బ్రిడ్జి దాకా పోవడానికి పట్టేంత సేపు అక్కడే ఆగి ఉన్నాడు. ఇద్దరం ముందుకు చూస్తూ కూర్చున్నాం. ఎదురుగా గోడ, గోడ మీద నీళ్ల మీటరు.

"పోయి పిల్చుకోని రారాదా," అన్నాను.

"పిలిచినా మా, నిన్న. వీసా మళ్లా పెట్టమంటావా అని అడిగినా."

"ఏమనింది?"

"నీకేమనిపిస్తాంది అని అడిగింది."

"నువ్వేమంటివి?"

నిద్ర పాట మొదలైంది. వాడు చప్పుడు కొంచెం పెంచాడు. ఆ ఆడమనిషి నింపాదిగా గొడుగు సంగతి చెప్పుకుంటూ పోయింది. మాటలు ఇప్పటికీ తెలియవు, కథ మాత్రం తెలుసు. పాట సగం అయ్యాక అన్నాడు.

"ఏమనిపిస్తాందో నాకు తెలిస్తే కదా మా, చెప్పేకి."

"ఉండమని చెప్పేకి ఏం తెలియాలరా?"

"అది నువ్వు నాయనకు ఎప్పుడన్నా చెప్పినావా?"

తప్పు పట్టి అన్నది కాదు, నిజంగానే అడిగాడు. నేను ఆలోచించాను. గుర్తు రాలేదు. పాట అయిపోయింది. ఆఖరి పాట కూడా అయిపోయి, ప్లేటు తిరిగి బూరల దగ్గరికి వచ్చింది.

"ఈ ప్లేటు తీయించు," అన్నాను.

"ఇన్నేండ్లు వద్దంటివి కదా."

"ఇప్పుడు తీయించమంటాండా."

మరుసటి రోజు మెకానిక్ షెడ్లన్నీ ఉండే వీధికి పోయాం. నేనూ వెంట వెళ్లాను. పాకిస్తాన్ మెకానిక్ ఒకడు, నా చిన్న తమ్ముడి వయసు ఉంటుంది, మీటలున్న పలకను ఊడదీసి, సన్నటి పట్టకారు లోపల పెట్టి లాగాడు. నేను ఒక చెంబు నీళ్లు తాగేలోపల ప్లేటు బయటికి వచ్చింది.

"అమ్మాజీ, ఇత్నా సా కామ్. ఇత్నే సాల్ క్యోం రఖా?" అన్నాడు. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు ఎందుకు ఉంచుకున్నారని.

"చల్తా థా," అన్నాను. నడిచింది కాబట్టి ఉంచుకున్నాం.

నా కొడుకు ప్లేటు చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక వైపు మెరుస్తోంది, గీతలు కూడా పెద్దగా లేవు. ఇంట్లో దాన్ని పెట్టడానికి వేరే మెషీను లేదు. పారేయలేదు. మా వరండాలో పావురాల బెడద ఎక్కువ, ఆరవేసిన బట్టలన్నీ పాడు చేస్తాయి. ప్లేటు మధ్య చిల్లులో నూలు దారం కట్టి వరండా కమ్మీకి వేలాడదీశాను. గాలికి తిరుగుతుంది. ఎండ తగిలినప్పుడు వెలుగు గోడ మీద పరిగెత్తుతుంది. పావురాలు మొదట భయపడ్డాయి. ఇప్పుడు కొంచెం అలవాటు పడ్డాయి.

ఆ వారం మనవరాలు ఫోన్ చేసింది. తండ్రితో మాట్లాడుతూ మాట్లాడుతూ, "నాయనా, కారు పాట పెట్టు," అంది. "నిద్ర పాట."

వాడు ఫోన్ నా చేతికిచ్చి వరండాలోకి పోయాడు.

"జేజీ, నాయన పెట్టల్యా. నువ్వు పెట్టు."

"ప్లేటు వరండా కమ్మీకి ఉండాదమ్మా."

"అయితే నువ్వు పాడు."

నేను ఎప్పుడూ పాడినదాన్ని కాను. నా కొడుకుకు కూడా జోల పాడలేదు, పొలం పని నుంచి వచ్చి ఊయల కాలితో ఊపుతూ కునికేదాన్ని. అయినా నోరు తెరిచాను. మాటలు రావు కాబట్టి ఊఁ ఊఁ అంటూ వరస తీశాను. అది మొత్తం నాలో ఉంది. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఆమె ఊపిరి తీసుకుంటుందో కూడా ఉంది. అవతల మనవరాలి చప్పుడు లేదు. వాన పడలేదని చెప్పే చోటికి వచ్చేసరికి నా గొంతు కిందికి పోయింది.

"అట్ల కాదత్తా," అంది కోడలి గొంతు. ఫోన్ దగ్గరే ఉందన్న మాట. "ఆడ పైకి పోవాల." తను ఆ ముక్క ఒక్కటీ తీసి వినిపించింది. సన్నగా, సరిగ్గా.

"నాకు అంత పైకి పోదు," అన్నాను.

"పోతాది. మెల్లిగా తీయి."

మెల్లగా తీశాను. కొంచెం పోయింది. కోడలు వస్తానని అనలేదు. నేనూ రమ్మని అనలేదు. అడగాలని నోటి దాకా వచ్చిందో లేదో కూడా చెప్పలేను. "కుక్కరు విజిలేస్తాంది అత్తా, పెడతా," అంది. పెట్టేసింది. వరండాలో నా కొడుకు ఇటు తిరగకుండానే, "పనుకొనిందా?" అని అడిగాడు. ఏమో అన్నాను.

మొన్న నా గడువు వచ్చింది. వాడూ నేనూ బ్రిడ్జికి పోయాం. పులిహోర ఇద్దరికే కలిపాను. కారులో ఏ చప్పుడూ లేదు, టైర్ల రొద తప్ప. ఇన్నేళ్లూ ఆ కారు లోపల ఇంత నిశ్శబ్దం ఉందని నాకు తెలియదు. దూరం ఎంత వచ్చామో కూడా తెలియలేదు. రెండు వైపులా నీళ్లు కనిపించాయి కాబట్టి బ్రిడ్జి ఎక్కామనుకున్నాను. నిద్ర పాట రావలసిన చోట నా కొడుకు వేళ్లు స్టీరింగు మీద రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. నేను కిటికీ వైపు తిరిగాను. దీవిలో పోలీసాయన నా ఫోటో చూశాడు, నా ముఖం చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. ముద్ర వేశాడు. అవతలికి పోయి తిప్పుకొని వచ్చాం.

అబాయా తలుపు వెనకే ఉంది. ఎదురింటి పిల్ల, తనకు కాస్త పొడవు తగ్గిస్తే సరిపోతుంది అంది. పడమటి గదికి తెర కావాలి, ఎండ నేరుగా పడుతుంది, దానికీ సరిపోతుంది. రెండూ ఆలోచించాను. గుడ్డ మంచిది. కత్తెర ఇంకా పెట్టలేదు.